షట్టర్ బీగం తిరగడం లేదా? ముందు హ్యాండిల్ చూడండి

కారు షెడ్డు షట్టర్‌కు బీగం పడటం లేదంటే చాలాసార్లు తప్పు బీగానిది కాదు, ఊడిపోయిన హ్యాండిల్‌ది. ఇరుక్కునేది బీగం చెవి, నొప్పి పుట్టేది వేళ్ళకు, అందుకని అందరి చూపూ బీగం మీదికే పోతుంది. ఎవరినో పిలిపించి బీగం మార్పిస్తారు. కొన్ని నెలలు బాగానే తిరుగుతుంది, తర్వాత మళ్ళీ మొదటికే వస్తుంది. ఈలోగా ఇంకో పదేళ్ళు పనిచేయాల్సిన పాత బీగం పాత ఇనుము కొట్టుకు పోయి ఉంటుంది. నాకు బాధ కలిగించేది అదే.

నేను తిరుపతిలో ఆర్టీసీ గ్యారేజీలో మెకానిక్‌గా పనిచేసి రిటైర్ అయ్యాను. కొండకు పోయే బస్సుల బ్రేకులు, స్ప్రింగు పట్టాలు, తలుపుల గొళ్ళేలు చూసుకుంటూనే ఉద్యోగం గడిచింది. పాడైన భాగం మార్చడం ఎవరికైనా చేతనవుతుంది. అది ఎందుకు పాడైందో చూడకపోతే కొత్త భాగం కూడా అలాగే పాడవుతుంది. షట్టర్ విషయంలో ఇది ఇంకా నిజం.

మా వైపు పాత ఇళ్ళకు వీధి పక్కన ఒక గది ఉంటుంది. కారుంటే షెడ్డు, లేకపోతే బాడుగకిచ్చే అంగడి. అందుకే దానికి తలుపులు కాకుండా రోలింగ్ షట్టర్ పెట్టి ఉంటారు. నేను చెప్పేదంతా అలా చేత్తో ఎత్తి దించే పాత షట్టర్ గురించే. మోటారుతో నడిచేవాటికీ, గేరు పెట్టి చైను లాగి ఎత్తే పెద్దవాటికీ ఇది పనికిరాదు.

వేసవిలో పక్క వీధి నుంచి ఒకామె వచ్చింది.

“అన్నా, బీగం మార్చి ఏడాది కూడా కాలేదు, మళ్ళీ తిరగడంలే.”

“హ్యాండిల్స్ రెండూ ఉన్నాయామ్మా?”

“కుడి పక్కది ఊడిపోయి శానా దినాలైంది. ఎడమ పక్కదాంతోనే లాగుతాండాం.”

షట్టర్ దగ్గరికి పోకముందే సగం విషయం తేలిపోయింది. ఎట్లాగో చెబుతాను.

షట్టర్ అంటే ఒకదానికొకటి కొక్కెం వేసుకున్న ఇనుప రేకు పట్టీలు. వాటిని లాత్‌లు అంటారు. రెండు పక్కలా గోడకు నిలువుగా బిగించిన ఇనుప గాడుల్లో అవి పైకీ కిందికీ జారతాయి, ఆ గాడులే గైడ్‌లు. అన్నిటికంటే కింద 3 మిల్లీమీటర్ల మందం ఉన్న బాటమ్ ప్లేటు, దానికి బలంగా ఒక ఎల్ యాంగిల్ (ఎల్ ఆకారపు ఇనుప బద్ద), దాని మీద రెండు హ్యాండిల్స్. బాటమ్ ప్లేటు మధ్యలోనో, దానికి కాస్త పైనో సెంటర్ లాక్ ఉంటుంది. చెవి తిప్పితే బీగంలోని చక్రం తిరిగి, లోపలి వైపున్న రెండు పొడవాటి ఇనుప పట్టీలను చెరో పక్కకు తోస్తుంది. ఇక మీద పట్టీలంటే ఇవే. వాటి కొనలు గైడ్‌లలో కోసిన రంధ్రాల్లోకి పోతాయి. బీగం పడటమంటే ఇంతే.

ఇప్పుడు ఒక హ్యాండిల్ లేదనుకోండి. మనిషి ఒక పక్కనే లాగుతాడు. బీరువా సొరుగును ఒక కొన పట్టుకుని లాగితే ఎట్లా అడ్డం పడి ఇరుక్కుంటుందో, షట్టర్ కూడా అట్లాగే ఒక పక్క కిందికి, ఇంకో పక్క పైకి ఒరుగుతుంది. రోజూ అట్లా లాగితే లాత్‌లు ఒక పక్కకు జరుగుతాయి, గైడ్ అంచు వంగుతుంది. పట్టీ కొన రంధ్రానికి ఎదురుగా రాకుండా దాని అంచుకు కొట్టుకుంటుంది. అప్పుడు మనం చెవిని బలంగా తిప్పుతాం. ఆ బలమంతా చెవి పళ్ళ మీదా, ఆ పళ్ళు లేపే లోపలి పలుచటి లీవర్ల మీదా పడి అవి అరుగుతాయి. అంటే బీగం చెడిపోవడం ఆఖరి మెట్టు. మరమ్మతు మాత్రం మొదటి మెట్టు నుంచి రావాలి. ముందు గైడ్‌లు, తర్వాత హ్యాండిల్, ఆ తర్వాత పట్టీలు, చివరికి బీగం. ఈ వరుస మార్చకండి.

పని మొదలుపెట్టే ముందు

పైన షట్టర్ చుట్టుకునే హుడ్ అనే పెట్టె లోపల పైపు చుట్టూ స్ప్రింగులు ఉంటాయి. షట్టర్ బరువును మోసేవి అవే, చుట్టుకుని ఎప్పుడూ బిగుతు మీద ఉంటాయి. వాటి బోల్టు ఒక్కటి కూడా విప్పకండి. స్ప్రింగు ఒక్కసారిగా విడిపోతే చెయ్యి విరుగుతుంది, ముఖానికి తగిలితే ఇంకా ప్రమాదం. ఆ పని షట్టర్లు చేసేవాళ్ళదే. స్ప్రింగు బాగుందో లేదో తెలుసుకోవడానికి షట్టర్‌ను నడుము ఎత్తున ఆపి మెల్లగా చెయ్యి వదలండి. దాదాపు అక్కడే నిలవాలి. దబ్బున కిందికి పడుతుంటే స్ప్రింగు సడలిందని అర్థం. ఆ సంగతి తేల్చుకోకుండా బీగం జోలికి పోవద్దు.

షెడ్డుకు వేరే దారి లేకపోతే షట్టర్ దించి లోపల ఒంటరిగా పని చేయకండి. బీగం లోపలే బిగుసుకుపోతే బయటపడే దారి ఉండదు. ఎత్తిన షట్టర్ కింద పనిచేసేటప్పుడు రెండు పక్కలా గైడ్ దగ్గర గట్టి చెక్క దుంగలు ఆనించండి. సాయానికి ఇంకో మనిషి ఉండాలి.

సామాను పెద్దగా ఏమీ అక్కర్లేదు. 10, 13 నంబరు స్పానర్లు, స్క్రూడ్రైవర్, సుత్తి, ఉలి, హ్యాండ్ డ్రిల్లు, 8, 5 మిల్లీమీటర్ల బిట్లు, ఒక హాఫ్‌రౌండ్ ఆకురాయి, వైర్ బ్రష్షు, టేపు, కొంచెం డీజిల్, పాత టూత్‌బ్రష్, ఒక కొవ్వొత్తి. కొంచెం కుంకుమ కూడా పక్కన పెట్టుకోండి, దానికీ పనుంది.

జబ్బు ఎక్కడుందో పట్టుకోవడం

షట్టర్‌ను ఛాతీ ఎత్తుకు లేపి, గాల్లో ఉండగా చెవి తిప్పండి. ఈ ఒక్క పరీక్ష చేస్తే సగం టెన్షన్ పోతుంది. గాల్లో పట్టీలు మెత్తగా బయటికొచ్చి మెత్తగా లోపలికి పోతుంటే బీగం బంగారంలా ఉన్నట్టే. తేడా అంతా పట్టీ కొనకూ రంధ్రానికీ మధ్యలోనే ఉంది. గాల్లో కూడా బిగుసుకుంటే, లోపలి వైపు పట్టీలను బీగం చక్రానికి కలిపే పిన్నులు తీసేసి మళ్ళీ తిప్పండి. ఇప్పుడు తేలిగ్గా తిరిగితే పట్టీలు వంగాయి, లేదా వాటిని పట్టుకునే క్లిప్పులు పోయాయి. పట్టీలు లేకుండా కూడా తిరగకపోతే, అప్పుడు మాత్రమే బీగం విప్పాలి.

మరి షట్టర్ మూసి ఉన్నప్పుడే బీగం బిగుసుకుపోతే? కటింగ్ ప్లయరుతో చెవిని పట్టి తిప్పడం ఒక్కటి మాత్రం చేయకండి. చెవి విరిగి సగం లోపలే ఉండిపోతుంది, చిన్న పని పెద్దదవుతుంది. చెవిని మెత్తగా తిప్పి పట్టుకుని, పక్కనున్న మనిషిని బాటమ్ ప్లేటు మీద పాదంతో అదిమి వదలమనండి. రాకపోతే షట్టర్‌ను మోకాలితో లోపలికి నెట్టి వదలమనండి. కొన మీద బరువు తగ్గిన క్షణంలో చెవి దానంతట అదే తిరుగుతుంది. ఒక పక్క కొన మాత్రమే పట్టుకుని ఉంటే ఆ పక్కనే అదమాలి. గైడ్ మీద చెక్క పెట్టి మెల్లగా తడితే కొన ఎక్కడ ఇరుక్కుందో శబ్దంలోనే తెలుస్తుంది. వదులుగా ఉన్న పక్క ఇనుము గలగలమంటుంది, ఇరుక్కున్న పక్క మొద్దుగా పలుకుతుంది.

తెరుచుకున్నాక షట్టర్‌ను మోకాలి ఎత్తుకు దించి, నేల నుంచి బాటమ్ ప్లేటు దాకా ఎడమ పక్కా కుడి పక్కా టేపుతో కొలవండి. షెడ్డు ముందు నేల వాలుగా ఉంటుంది కాబట్టి, షట్టర్ పూర్తిగా మూస్తే ప్లేటు ఆనే చోటు నుంచే కొలవాలి. వేలెడు తేడా ఉందంటే షట్టర్ ఒరిగినట్టే.

గైడ్‌లు

గైడ్ అడుగున ఏముందో చూస్తే మీరే ఆశ్చర్యపోతారు. మా ఊళ్ళో పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. 2021 నవంబరులో వరద వచ్చినప్పుడు చాలా వీధుల్లో షట్టర్ల కింది భాగం బురదనీళ్ళలో నానింది. నీళ్ళు పోయాయి గానీ గైడ్ అడుగున చేరిన ఒండ్రు అట్లాగే ఎండి గట్టిపడింది. చాలా ఇళ్ళల్లో ఆ తర్వాత ఎవరూ దాన్ని తీయలేదు. అడుగున అట్లా బెత్తెడు మట్టి ఉంటే షట్టర్ పూర్తిగా కిందికి దిగదు. దిగకపోతే పట్టీ కొన రంధ్రానికి పైనే ఆగిపోతుంది. ఒక్కోసారి ఆ మట్టిని స్క్రూడ్రైవర్‌తో గీకి తీసేస్తే చాలు, బీగం హాయిగా పడుతుంది.

వైర్ బ్రష్షుతో గైడ్ పొడవునా తుప్పు రుద్దండి. డీజిల్ గుడ్డతో తుడిచి, పొడి గుడ్డతో మళ్ళీ తుడవండి. గ్రీజు మాత్రం పూయకండి. మన ఎండాకాలం దుమ్ము గ్రీజులో కలిసిందంటే అది ఇనుమును అరగదీసే ముద్ద అవుతుంది. కొవ్వొత్తిని గైడ్ లోపలి అంచులకు బాగా రుద్దితే చాలు. మైనానికి దుమ్ము అంతగా పట్టదు. సిలికాన్ స్ప్రే దొరికితే అదీ మంచిదే.

గైడ్ అంచు ఎక్కడైనా లోపలికి వంగిందేమో చూడండి, బండి తగిలిన సొట్టలు ఎక్కువగా మోకాలి ఎత్తులో ఉంటాయి. లోపల ఒక మందపాటి ఇనుప పట్టా పెట్టి, బయటి నుంచి చెక్క ఆనించి కొట్టి సరిచేయండి. సుత్తితో నేరుగా కొడితే అంచు అలలుగా లేస్తుంది.

హ్యాండిల్

నా దృష్టిలో అసలు పని ఇదే, దీనికి ఎక్కువ సేపు ఇవ్వండి.

పాత హ్యాండిల్ ఊడిన చోట దగ్గరగా కూర్చుని చూడండి. రెండు రకాలుగా ఊడుతుంది. ఒకటి, రివిట్ తల అరిగి పోయి ఉంటుంది, ప్లేటు బాగానే ఉంటుంది. ఇంకొకటి, రివిట్ ప్లేటును చింపుకుని బయటికి వచ్చి ఉంటుంది. గుండ్రంగా ఉండాల్సిన రంధ్రం పైకి సాగి కోడిగుడ్డు ఆకారానికి వస్తుంది. దాని పై అంచున రేకు బయటికి మడత పడి, ఆ మడత కొన దగ్గర సన్నటి పగులు కనిపిస్తుంది. గోటితో గీస్తే గోరు ఆ గీతలో దిగుతుంది. లోపలి వైపు అదే చోట తుప్పు పొరలుగా లేచి ఉంటుంది, ఎందుకంటే ఎల్ యాంగిల్ మడతలో వాన నీళ్ళు నిలుస్తాయి. ఈ రెండో రకం చోట అదే రంధ్రంలో కొత్త బోల్టు వేసి బిగిస్తే వానాకాలం దాటదు.

అప్పుడు చేయాల్సింది ఇది. పాత రివిట్ తలలు ఉలితో కోసి తీసేయండి. పగులు కొస దగ్గర ఒక చిన్న రంధ్రం వేయండి, పగులు అక్కడితో ఆగుతుంది. ప్లేటు లోపలి వైపు 3 మిల్లీమీటర్ల మందం, 40 మిల్లీమీటర్ల వెడల్పు ఉన్న ఇనుప పట్టా ముక్కను, హ్యాండిల్ కంటే రెండు పక్కలా జానెడు ఎక్కువ పొడవుగా కోయించి ఆనించండి. పట్టా మీదా ప్లేటు మీదా కలిపి 8 మిల్లీమీటర్ల రంధ్రాలు కొత్త చోట వేయండి. బరువంతా ఒక్క రంధ్రం అంచు మీద పడకుండా ఆ పట్టా పంచుకుంటుంది.

బోల్టు గుండు తలది కొనండి. తల కింద నలుచదరం మెడ ఉంటుంది, అది రంధ్రంలో కూర్చోవాలి కాబట్టి హ్యాండిల్ రంధ్రాన్ని ఆకురాయితో నలుచదరం చేసుకోవాలి. తల బయటికి, నట్టు లోపలికి రావాలి. ఆరు మూలల తల బయట పెడితే ఎవరైనా 13 నంబరు స్పానర్ పట్టుకుని వచ్చి మీ హ్యాండిల్ విప్పుకుని పోవచ్చు. లోపల వాషరు, స్ప్రింగ్ వాషరు, ఆ పైన నట్టు. షట్టర్ రోజూ అదురుతుంది, స్ప్రింగ్ వాషరు లేని నట్టు తప్పకుండా సడలుతుంది.

ఎక్కడ పెట్టాలి? మధ్య నుంచి రెండు పక్కలకూ ఒకే దూరంలో. ఇద్దరు మనుషులు ఎత్తే షట్టర్ కాదు కదా, ఒక్కరే ఎత్తుతారు. అందుకే మరీ అంచుల్లో వద్దు. సెంటర్ లాక్‌కు ఎదురుగా నిలబడి రెండు చేతులూ మామూలుగా చాస్తే అందే చోట సుద్దతో గుర్తు పెట్టుకోండి. ఇంట్లో రోజూ షట్టర్ ఎత్తేవాళ్ళు ఎవరో వాళ్ళనే నిలబెట్టి గుర్తు పెట్టండి. మగవాళ్ళు కొలత పెట్టి పోతే, రోజూ ఎత్తేది ఇంటావిడ అయితే, ఆమె మళ్ళీ ఒక చేత్తోనే లాగుతుంది. లోపలి వైపు కూడా రెండు హ్యాండిల్స్ ఉండాలి. పైకి పోయిన షట్టర్‌ను దించడానికి ఒక కొక్కెం కడ్డీ పెట్టుకుంటే పెద్దవాళ్ళు ముని వేళ్ళ మీద లేవాల్సిన పని ఉండదు. కడ్డీతో లాగేటప్పుడు మాత్రం మధ్యలోనే తగిలించాలి.

వెల్డింగ్ చేయిస్తే సరిపోదా అని అడుగుతారు. బాటమ్ ప్లేటు మందంగా, తుప్పు లేకుండా ఉంటే చేయించవచ్చు. తుప్పు తిన్న రేకు మీద వెల్డింగ్ నిలవదు, పక్కనే కొత్త చోట చినుగుతుంది. ఇంకో రెండు జాగ్రత్తలు. బీగం పక్కన వెల్డింగ్ చేయించేటట్టయితే బీగాన్ని ముందే విప్పి తీసేయండి, వేడికి లోపలి స్ప్రింగుల పటుత్వం పోతుంది. జింకు పూత ఉన్న లాత్‌ల మీద వెల్డింగ్ చేస్తే తెల్లటి పొగ వస్తుంది. దాన్ని పీల్చిన మనిషికి కొన్ని గంటల్లో చలిజ్వరం పట్టుకుంటుంది. పూత గీకించి, గాలి ఆడే చోట చేయించండి. వెల్డర్ కుర్రాడికి కూడా ఆ మాట చెప్పండి, చాలామందికి ఎవరూ చెప్పి ఉండరు.

హ్యాండిల్ విప్పి ఉన్నప్పుడే ఎల్ యాంగిల్ మడతలో రెండు మూడు చోట్ల 5 మిల్లీమీటర్ల రంధ్రాలు వేయండి, నీళ్ళు దిగిపోతాయి. తుప్పు గీకిన చోట రెడ్ ఆక్సైడ్ పూసి, ఆరాక పెయింటు వేయండి. రంధ్రాల అంచులకు కూడా బ్రష్షు తగలాలి.

పట్టీలు, రంధ్రాలు

రెండు చేతులతో నిటారుగా దించిన షట్టర్‌తో మళ్ళీ చెవి తిప్పి చూడండి. ఇప్పటికే బీగం పడుతుంటే మీ పని దాదాపు అయిపోయింది. ఇంకా కొట్టుకుంటుంటే కుంకుమ తీయండి.

గ్యారేజీలో రెండు ఇనుప ముఖాలు సరిగ్గా కలుస్తున్నాయో లేదో చూడటానికి ఒకదానికి నీలి రంగు పూసి రెండోదాని మీద ఆనించేవాళ్ళం. రంగు అంటుకున్న చోటే తగులుతున్నట్టు. ఇంట్లో ఆ రంగు ఉండదు, కాస్త కుంకుమను నూనెలో రంగరిస్తే అదే పని చేస్తుంది. పట్టీ కొనకు పల్చగా పూసి, చెవి తిప్పి, వెనక్కి తీసి గైడ్ చూడండి. ఎర్రటి మచ్చ రంధ్రానికి పైన పడిందా, కింద పడిందా, పక్కన పడిందా అని స్పష్టంగా కనిపిస్తుంది. పాత షట్టర్లకు ఇది కూడా అక్కర్లేదు, కొన మీద ఒక పక్క తుప్పు లేకుండా మెరుస్తూ గీత ఉంటుంది. అది ఒరుసుకునే చోటే.

మచ్చ పైన పడితే షట్టర్ ఇంకా పూర్తిగా దిగలేదు, నేల మీద ఏదో అడ్డముంది. రెండు పక్కలా మచ్చ వేర్వేరు ఎత్తుల్లో పడితే ఒరుగు పోలేదు, మళ్ళీ గైడ్‌ల దగ్గరికి పోవాలి. రెండు పక్కలా ఒకే ఎత్తులో కొద్దిగా తేడా ఉంటేనే రంధ్రాన్ని హాఫ్‌రౌండ్ ఆకురాయితో ఆ దిక్కుకు పెంచండి. 3 మిల్లీమీటర్లకు మించి పెంచాల్సి వస్తోందంటే ఆగండి. రంధ్రం పెంచి పెంచి చేట చేసిన గైడ్‌లు చాలా చూశాను. బీగం పడుతుంది గానీ గడ్డపారతో ఒక్క పోటు పొడిస్తే వచ్చేస్తుంది.

పట్టీ కొనలను కొద్దిగా ఏటవాలుగా అరగదీస్తే రంధ్రంలోకి తేలిగ్గా దారి చూసుకుంటాయి. పట్టీని లాత్‌లకు పట్టి ఉంచే క్లిప్పులు ఒక్కో పక్క ఎన్ని ఉండాలో అన్నీ ఉన్నాయా చూడండి. మధ్యలో ఒకటి పోతే పట్టీ బరువుకు కిందికి వేలాడి, కొన పైకి లేస్తుంది. బీగం తీసిన తర్వాత కొనలు గైడ్‌కు తగలకుండా కొంచెం ఎడంగా ఉండాలి. పడమటి ముఖం షట్టర్‌కు ఇది మరీ ముఖ్యం. రెండు పట్టీలూ కలిపి 3 మీటర్లుంటే, పొద్దుటికీ మధ్యాహ్నానికీ 25 డిగ్రీల తేడా వస్తే దాదాపు 1 మిల్లీమీటరు సాగుతాయి. తెల్లారి తేలిగ్గా ఎత్తిన షట్టర్ మూడు గంటలకు గీరుకుంటోందంటే ఇదీ ఒక కారణం.

బీగం

ఇంత చేసినా తిరగకపోతేనే బీగం విప్పండి. ప్రతి అడుగులోనూ ఫోన్‌తో ఫొటో తీసుకోండి. నాలుగు స్క్రూలు తీసి, పెద్ద పళ్ళెంలో తెల్లగుడ్డ పరిచి, దాని మీద మూత మెల్లగా లేపండి. చిన్న స్ప్రింగులు ఎగిరిపోతాయి, గుడ్డ మీద పడితే కనిపిస్తాయి.

లోపల ఒకదాని మీద ఒకటి పలుచటి లీవర్లు ఉంటాయి, ఎక్కువగా ఇత్తడివి. చెవి పళ్ళు ఒక్కో లీవర్‌ను ఒక్కో ఎత్తుకు లేపుతాయి. అన్నీ సరైన ఎత్తుకు వచ్చినప్పుడే వాటి గాడులు ఒకే వరుసలోకి వచ్చి, గడియ మీదున్న మొల వాటి గుండా జరుగుతుంది. ఒక్క లీవర్ తక్కువ లేచినా, ఎక్కువ లేచినా గడియ కదలదు. అందుకే తీసిన వరుస మారకూడదు. ఒక్కొక్కటిగా తీసి, ఎడమ నుంచి కుడికి వరుసగా పేర్చండి. రెండు తారుమారైతే మీ చెవికి మీ బీగమే పలకదు.

డీజిల్‌లో టూత్‌బ్రష్‌తో కడిగి, బాగా ఆరబెట్టండి. లోపలి నుంచి నల్లటి జిగురు వస్తే ఎవరో వంటనూనె పోశారన్నమాట. కొబ్బరినూనె, వేరుశనగ నూనె బీగంలో పోయడం చాలా ఇళ్ళల్లో ఉంది. ఆ రోజుకు తిరుగుతుంది, తర్వాత నూనె చిక్కబడి దుమ్ముతో కలిసి లీవర్లను అతికిస్తుంది. డబ్ల్యూడీ-40 గురించి కూడా ఒక మాట. దాన్ని 1953లో అమెరికాలో తయారు చేసింది తేమను తరిమి తుప్పును ఆపడానికి, పేరులోని రెండక్షరాలకు అర్థం కూడా అదే. తడిసిన బీగానికి, తుప్పుతో బిగుసుకున్న నట్టుకు చాలా బాగా పనిచేస్తుంది. లీవర్ల మీద ఏళ్ళ తరబడి ఉండే కందెన మాత్రం అది కాదు. లీవర్లకు గ్రాఫైట్ పొడి మేలు. పెన్సిల్ ములుకును బ్లేడుతో గీకి, ఆ పొడిని లీవర్ల మధ్య చల్లి, చెవి కొనకు కూడా రుద్దండి. మెత్తటి 6బి, 8బి పెన్సిళ్ళు బొమ్మలు వేసే పిల్లల దగ్గర ఉంటాయి. చక్రం ఇరుసుకు మాత్రం ఒక్క చుక్క కుట్టుమిషన్ నూనె వేయవచ్చు.

లీవర్ స్ప్రింగు విరిగి ఉంటే, ఒక్క స్ప్రింగు దొరకడం కష్టం, బీగమే మార్చాలి. పాతదాన్ని చేత్తో పట్టుకునే షాపుకు పోండి. బోల్టు రంధ్రాల మధ్య దూరం, చక్రానికి పట్టీ తగిలించే మొల మందం, ఈ రెండూ కలవకపోతే ఎంత మంచి కంపెనీదైనా మళ్ళీ రంధ్రాలు, మళ్ళీ వెల్డింగ్.

లోపల అంతా బాగుండి చెవి మాత్రమే అరిగి ఉండవచ్చు. వెలుగుకు అడ్డంగా పట్టి చూడండి, పళ్ళ మూలలు గుండ్రంగా అయిపోయి ఉంటే అరిగినట్టే. బీగాలు చేసే ఒక పెద్దాయన దగ్గర నేను విన్న మాట చెబుతాను. “సామీ, అరిగిన చెవికి కాపీ తీస్తే అరిగిన చెవే వస్తాది. బీరువాలో వాడంది ఒకటి ఉంటాది, అది తెండి.” నిజమే, కొత్త బీగంతో వచ్చిన చెవుల్లో ఒకటి ఎప్పుడూ ఎక్కడో కొత్తగానే పడి ఉంటుంది. దాన్ని చూసి తీయించండి. అది కూడా లేకపోతే విప్పిన బీగాన్ని అట్లాగే తీసుకుపోతే లీవర్లను చూసి కొత్త చెవి కోసిస్తారు.

పక్క గొళ్ళేలకు వేసే విడి బీగాలు కూడా వదిలేయకండి. సెంటర్ లాక్ ఒక్కదాని మీదే భారం వేయడం మంచిది కాదు. మనకు దక్షిణాన తమిళనాడులోని దిండిగల్‌లో చేత్తో చేసే బీగాలకు ఇప్పటికీ పేరుంది, 2019లో వాటికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. బరువైన బీగం ఏదైనా సరే, కొనేటప్పుడు దాని కొక్కెం మీ గొళ్ళెం రంధ్రంలో దూరుతుందో లేదో కొలత చూసుకోండి.

అన్నీ బిగించాక తెల్లారి ఒకసారి, మధ్యాహ్నం ఎండలో ఒకసారి బీగం వేసి తీసి చూడండి. రెండు పూటలా రెండు వేళ్ళతో చెవి తిరగాలి. కొత్త హ్యాండిల్ బోల్టులు పట్టాతో కలిసి సర్దుకోవడానికి కొన్ని వారాలు పడుతుంది. నెల తర్వాత 13 నంబరు స్పానర్ పట్టుకుని లోపలి నట్లు నాలుగూ ఇంకోసారి బిగించి, నట్టు దాటి మిగిలిన బోల్టు మరను సుత్తితో కొద్దిగా నలగ్గొట్టండి, ఇక అవి సడలవు.